డప్పుకు పింఛను, నాట్యానికి అకాడమీ: కళల బడ్జెట్‌లో మన వాటా ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి పెంచి ఇస్తున్న సామాజిక పింఛన్ల జాబితాను ఒకసారి నిదానంగా చదవండి. వృద్ధులు, వితంతువులు, చేనేత కార్మికులు, కల్లుగీత కార్మికులు, మత్స్యకారులు, ఒంటరి మహిళలు, సంప్రదాయ చర్మకారులు, ట్రాన్స్‌జెండర్లు. ఆ వరుసలోనే డప్పు కళాకారులు కూడా ఉన్నారు. నెలకు 4,000 రూపాయలు. అదే జాబితాలో 'కళాకారులు' అని ఇంకో పద్దు విడిగా ఉంది. వాళ్లకూ అంతే డబ్బు. మరి పేర్లు రెండెందుకు? డప్పు కొట్టేవాడు కళాకారుల లెక్కలోకి రాడా?

ఈ ప్రశ్న వేస్తున్నామంటే పింఛనును చిన్నచూపు చూస్తున్నట్టు కాదు. డప్పుకు, చెప్పుకు పింఛను కావాలని మాదిగ సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డెక్కితేనే ఆ రెండు పద్దులు జాబితాలోకి వచ్చాయి. తెలంగాణ ఆసరా పింఛన్లలో బీడీ కార్మికులున్నారు, గీత కార్మికులున్నారు, డప్పు కళాకారులకు పద్దు లేదు. చావుకూ పెళ్లికీ జాతరకూ ఊరంతటికీ డప్పు కొట్టి, చేతులు కాయలు కాసిన ముసలాయనకు నెలకు 4,000 అంటే బియ్యం, మందులు. దాన్ని ఎవరూ కాదనలేరు.

మేం అడుగుతున్నది వేరే. ప్రభుత్వం కళల మీద డబ్బు ఖర్చు పెడుతుంది. అకాడమీలు, ఉత్సవాలు, ఫెలోషిప్పులు, ఆడిటోరియాలు, విదేశీ యాత్రలు, శిక్షణ కేంద్రాలు. అది ఒక కౌంటర్. దళిత కళాకారుడు వచ్చేసరికి పక్కనున్న సంక్షేమ శాఖ కౌంటర్ చూపిస్తుంది. అక్కడ అతని కళకు విలువ కట్టరు, అతని పేదరికానికి లెక్క కడతారు. కళల బడ్జెట్ గురించి మన ఉద్యమాలు, విద్యార్థి సంఘాలు ఇంతవరకూ గట్టిగా మాట్లాడలేదు. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు, భూమి, ఉద్యోగాలు ముందుకొస్తాయి, అది సహజమే. కానీ ఈ పద్దును వదిలేస్తే ఏం పోగొట్టుకుంటున్నామో చూడాలి.

'శాస్త్రీయం' అనే గీత ఎవరు గీశారు?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఢిల్లీలో మూడు అకాడమీలు పుట్టాయి. 1953లో సంగీత నాటక అకాడమీ, 1954లో సాహిత్య అకాడమీ, లలితకళా అకాడమీ. రాజులు, జమీందార్లు పోయారు కాబట్టి కళలను ఇక ప్రభుత్వమే పోషించాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే ఏది కళ, ఏది 'జానపదం', ఏది వట్టి కులాచారం అన్న విభజన కూడా ఆ పోషణతోపాటే వచ్చింది. శాస్త్రీయం అనిపించుకున్నదానికి గురువు, పాఠ్యప్రణాళిక, డిగ్రీ, వేదిక, విమర్శకుడు దొరికాయి. జానపదం అనిపించుకున్నదానికి రిపబ్లిక్ డే శకటం ముందు నడిచే అవకాశం దొరికింది.

తెలుగు నేల మీద దీనికి కూచిపూడి పెద్ద ఉదాహరణ. ఒక ఊళ్లో బ్రాహ్మణ కుటుంబాల పురుషులు ఆడిన ప్రదర్శన కళ రాష్ట్రానికే గుర్తు అయింది. 2010 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వ భాగస్వామ్యంతో 2,800 మందికి పైగా నర్తకులు ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. ఆ ఆట మీద మాకు కోపమేమీ లేదు. కానీ అదే కాలంలో చిందు యక్షగానానికి ఏం జరిగింది? చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. ఊళ్లను మిరాశీగా పంచుకుని, గద్దె కట్టి, రాత్రంతా భాగవతం ఆడేవాళ్లు, జాంబపురాణం చెప్పేవాళ్లు. ఆహార్యం ఉంది, రాగం ఉంది, తాళం ఉంది, తరాల శిక్షణ ఉంది. ఆడవాళ్లు మగవేషాలు కట్టి మెప్పించిన సంప్రదాయం ఉంది. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ పేరు అందుకు సాక్ష్యం. శాస్త్రానికి కావలసినవన్నీ ఉన్న ఈ కళ ఎందుకు జానపదమైంది? ఆడేవాళ్ల కులం, చూసేవాళ్ల కులం తప్ప మాకు వేరే కారణం కనిపించడం లేదు.

కళావంతుల చరిత్ర ఇంకో పాఠం. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. ఆ దురాచారం పోవాల్సిందే. కానీ ఆ స్త్రీల చేతుల్లోంచి ఆట పోయాక, అదే అభినయం, అవే పదాలు పెద్దకులాల ఇళ్లలోకి 'సంస్కృతి'గా వెళ్లాయి. కళ గౌరవం పొందింది, కళాకారిణి మాయమైంది. డప్పుకు రేపు అదే గతి పట్టకుండా చూసుకోవాల్సింది మనమే. కార్పొరేట్ స్కూళ్ల వార్షికోత్సవాల్లో డప్పు మోగుతున్న ఈ రోజుల్లో ఇది ఊహ కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రాష్ట్ర అకాడమీలను రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చి వాటి పనిని తనలో కలుపుకుంది. వరంగల్‌లో ఆ విశ్వవిద్యాలయం పెట్టిన జానపద గిరిజన విజ్ఞానపీఠం ఆశ్రిత కులాల కళల మీద పరిశోధనలు చేయించింది. మంచి పనే. కానీ అక్కడ కూడా మనవాళ్లు ఎక్కువగా పరిశోధనకు 'వస్తువు'గానే ఉన్నారు. వాళ్ల మీద పీహెచ్‌డీ చేసినవారికి ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది, ఆ విద్య నేర్పగల మనిషి మాత్రం సర్టిఫికెట్ లేదు కాబట్టి తరగతి గదిలోకి రాలేకపోయాడు.

కాగితాల కంచె

పథకాలు లేవని ఎవరూ అనలేరు. కేంద్ర సాంస్కృతిక శాఖలో గురు శిష్య పరంపర కింద గ్రాంటు ఉంది. గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 వరకు. తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి విద్య దిగే చిందు మేళాలకు, కిన్నెర వాయించే డక్కలి కుటుంబాలకు అతికినట్టు సరిపోయే పథకం ఇది. కానీ దరఖాస్తు చేయాల్సింది వ్యక్తి కాదు, సంస్థ. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ కావాలి, ఆడిట్ లెక్కలు ఉండాలి, ఆన్‌లైన్‌లో నమోదు కావాలి, తీసుకున్న డబ్బుకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. నగరంలో నాట్య పాఠశాల నడిపేవారికి చార్టర్డ్ అకౌంటెంట్ ఉంటాడు. ఊరి చివర గుడిసెల్లో ఉండి, సంవత్సరంలో సగం రోజులు మిరాశీ గ్రామాలు తిరిగే మేళానికి ఎవరుంటారు?

ముసలి కళాకారులకు ఇంకో కేంద్ర పథకం ఉంది. నెలకు 6,000 రూపాయల వరకు ఇస్తారు. 60 ఏళ్లు నిండాలి. భార్యాభర్తలిద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 72,000 దాటకూడదు. అప్పటికే రాష్ట్ర ప్రభుత్వం నుంచి కనీసం 500 రూపాయల కళాకారుల పింఛను తీసుకుంటూ ఉండాలి. ఇప్పుడు లెక్క చూడండి. ఇంట్లో ఒక్కరు రోజుకు 300 కూలికి 240 రోజులు పోతే 72,000 అవుతుంది. రెండో మనిషి నాలుగు రోజులు కూలికి పోయినా గీత దాటినట్టే. ఇక మూడో షరతు మరీ విచిత్రం. రాష్ట్రం గుర్తించకపోతే కేంద్రం గుర్తించదు. రాష్ట్రంలో నీ కళకు పద్దే లేకపోతే ఢిల్లీ తలుపు కూడా మూసుకున్నట్టే.

సంచార కులాలకు దీనికన్నా ముందే ఇంకో గోడ ఉంది, కుల ధ్రువపత్రం. ఆంధ్రప్రదేశ్‌లో బేడ బుడగ జంగాలకు ఎస్సీ ధ్రువపత్రాల సమస్య ఏళ్లుగా నలుగుతోంది. దాని మీద జె.సి. శర్మ ఏకసభ్య కమిషన్ కూడా వేశారు. బుర్రకథను ఊరూరా తిప్పిన కులం తాను ఏ కులమో నిరూపించుకోలేక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. అంతగా చెప్పుకుంటున్న బుర్రకథను బతికించిన వారికి ఇచ్చే గౌరవం ఇదా?

కోటి రూపాయల వరం, నెల జీతం లేని బతుకు

ఈ పద్ధతిలో లోపం ఎక్కడుందో పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య విషయంలో దేశమంతా చూసింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పద్మ పురస్కారంతో డబ్బేమీ రాదు. అప్పటి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్నట్టు పత్రికల్లో వచ్చింది. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకు, ఇంటికి అయిపోయిందని, నెలకు వచ్చే 10,000 రూపాయల ప్రత్యేక పింఛను ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. అప్పుడు చాలామంది 'కోటి ఇస్తే ఏం చేశాడు' అని అడిగారు. ఆ ప్రశ్నలో కులపు వాసన ఉందని చెప్పక తప్పదు. జీవితమంతా అప్పుల్లో ఉన్న కుటుంబానికి ఒక్కసారి పెద్ద మొత్తం వస్తే అది అప్పులకూ పెళ్లిళ్లకూ ఇంటికీ పోతుంది. ఎవరికైనా అంతే. అడగాల్సిన ప్రశ్న వేరు. కిన్నెర వాయించినందుకు ఆయనకు నెలనెలా పని ఎందుకు లేదు? ఒక విశ్వవిద్యాలయం, ఒక సంగీత కళాశాల ఆయన్ను అధ్యాపకుడిగా పెట్టుకుని పదిమంది పిల్లలకు ఎందుకు నేర్పించలేదు?

2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది. కొత్త ప్రభుత్వం పద్మశ్రీలకు 25 లక్షల చొప్పున నగదు, నెలకు 25,000 పింఛను ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ఉద్యమ కవులు, కళాకారులు, ప్రముఖులు తొమ్మిది మందికి కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అందులో గద్దర్, గూడ అంజయ్య, అందెశ్రీ, గోరటి వెంకన్న వంటివాళ్లు ఉన్నారు. వాళ్ల పాటకు ఎంత ఇచ్చినా తక్కువే. పార్టీ మారినా పద్ధతి మాత్రం మారలేదు. ముఖ్యమంత్రి పిలుస్తాడు, శాలువా కప్పుతాడు, వరం ఇస్తాడు. దర్బారు లక్షణం ఇదే. వరం ఇచ్చినవాడు మళ్లీ ఇవ్వకపోయినా అడగడానికి లేదు. హక్కయితే అడగొచ్చు, రాకపోతే కోర్టుకు పోవచ్చు.

గద్దర్ పేరు మీద పెట్టిన పురస్కారాల సంగతీ ఆలోచించాలి. నంది అవార్డుల స్థానంలో 2024లో వాటిని ప్రకటించి, 2025 జూన్‌లో హైదరాబాద్‌లో అట్టహాసంగా ఇచ్చారు. ఎవరికి? సినిమా వాళ్లకు. గద్దర్ గొంగడి, గద్దర్ గజ్జె పుట్టిన చోటు సినిమా స్టూడియో కాదు. ఆయన పేరుతో ఊరి పాటకూ దళితవాడ ఆటకూ ఒక నిధి పెట్టి ఉంటే ఆ పేరుకు న్యాయం జరిగేది.

జీతం ఇస్తే పాట ఎవరిది?

నెల జీతం ఇచ్చిన ప్రయోగం లేకపోలేదు. తెలంగాణ వచ్చిన తర్వాత సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులను జీతం మీద తీసుకున్నారు. ధూంధాం వేదికల మీద పాడిన పేద బిడ్డలు, చాలామంది దళిత బహుజనులు, మొదటిసారి నెలకొకసారి జీతం చూశారు. ఇది చిన్న విషయం కాదు. కళాకారుడిని ఉద్యోగిగా గుర్తించవచ్చని, బడ్జెట్‌లో దానికి చోటు ఉంటుందని సారథి రుజువు చేసింది.

అయితే ఆ జీతానికి వాళ్లు చేసిన పని ఏమిటి? ఎక్కువగా ప్రభుత్వ పథకాల ప్రచారం. ఉద్యమంలో ప్రశ్న వేసిన గొంతు ఇప్పుడు జవాబు చెప్పే గొంతైంది. తప్పు కళాకారులది కాదు. జీతం ఇచ్చే సంస్థకు ప్రభుత్వం నుంచి దూరం లేకపోతే అలాగే అవుతుంది. దళితవాడ మీద దాడి జరిగితే సారథి కళాకారుడు దాని మీద పాట కట్టగలడా? కట్టగలిగే ఏర్పాటు ఉంటేనే అది కళకు ఇచ్చిన నిధి, లేకపోతే అది ప్రచారానికి ఇచ్చిన కూలి. అకాడమీలకు కనీసం కాగితం మీదైనా స్వయంప్రతిపత్తి ఉంది. మన కళాకారులకు పనిచ్చే సంస్థకు అదైనా ఎందుకు ఉండకూడదు?

డప్పును నిలబెట్టాలా, వదిలేయాలా?

ఇక మన లోపలి ప్రశ్న. డప్పుకు నిధులు అడగడమంటే కులవృత్తిని శాశ్వతం చేయడం కాదా అని మన యువకులే అడుగుతారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. చాటింపు వేయనన్నందుకు, చావు డప్పు కొట్టనన్నందుకు సాంఘిక బహిష్కరణలు ఎదుర్కొన్న వాడలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. డప్పు దించడం ఆత్మగౌరవ పోరాటమైన ఊళ్లు ఎన్నో.

ఇక్కడ అంబేద్కర్ 1928లో చేసిన పని దారి చూపిస్తుంది. బొంబాయి శాసనమండలిలో ఆయన వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. మహర్లకు కొంచెం భూమి, ఊరి నుంచి కొంత గింజ ఇచ్చి, దానికి బదులు రాత్రీ పగలూ సర్కారు చాకిరీ చేయించుకునే ఏర్పాటు అది. మన దగ్గర వెట్టి, సేత్‌సింధీ పనులు ఎలాంటివో అదీ అలాంటిదే. ఆయన వాదన సారం ఏమిటంటే, పుట్టుకతో అంటగట్టిన చాకిరీ నుంచి మనిషి విడిపోవాలి, చేసిన పనికి సరైన జీతం రావాలి, భూమి వాళ్ల దగ్గరే ఉండాలి. పనిని బంధనం నుంచి విడదీశారు, ఆస్తిని మాత్రం వదులుకోలేదు.

డప్పు విషయంలో మేమూ అదే గీత గీస్తాం. ఊరి పెద్ద పిలిస్తే కొట్టి తీరాల్సిన చావు డప్పు వెట్టి. అది పోవాలి, బలవంతం చేస్తే అట్రాసిటీ కేసు పెట్టాలి. అదే డప్పు మీద తరాలుగా మనవాళ్లు కూర్చిన దరువుల విద్య మన ఆస్తి. దాన్ని నేర్పేది, రాసిపెట్టేది, దాని మీద బతికేది మనమే కావాలి. నేర్చుకునేవాళ్లు ఏ కులమైనా రావచ్చు, గురువు స్థానం మాత్రం తరలిపోకూడదు. ఆడపిల్లలు డప్పు పట్టి దళాలు కడుతున్న ఈ కాలంలో, నిధుల నిబంధనల్లో వాళ్ల పేర్లు కూడా ఉండాలి. 'డప్పు కళాకారుడు' అంటే మగవాడే అని అధికారి అనుకుంటే ఆ పింఛను సగం మందికి అందదు.

చట్టం చేతిలో ఉంది, లెక్క అడగాలి

ఈ డబ్బును దానంగా అడగనక్కరలేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2023లో దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది, ఖర్చు కాని డబ్బు మరుసటి ఏడాదికి బదిలీ కావాలని చెప్పింది. జనాభా నిష్పత్తిలో నిధులు పక్కన పెట్టాలన్నది ఈ చట్టాల మూలసూత్రం. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం. ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, వాడలకు నేరుగా, లెక్కించగలిగే ప్రయోజనం ఉన్న పథకాలనే ఇందులో చూపాలన్నది రెండో సూత్రం. రోడ్లు, ఫ్లైఓవర్ల ఖర్చును ఎస్సీల ఖాతాలో రాసినప్పుడు మనం గొడవ చేశాం. సాంస్కృతిక శాఖ ఈ చట్టం కింద ఏం చూపిస్తోందని ఎంతమందిమి అడిగాం?

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ ఎస్సీ వర్గీకరణ చట్టం మన చేతికి ఇంకో ఆధారం ఇచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, అత్యంత వెనుకబడిన 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. ఆ గ్రూపులో పేర్లు చూడండి: బేడ బుడగ జంగం, డక్కలి, మాష్టి, మాతంగి, కొలుపులవాండ్లు. కథ చెప్పేవాళ్లు, వాయించేవాళ్లు, ఆడేవాళ్లు, కొలుపులు చేసేవాళ్లు. రాష్ట్రంలో అతి సంపన్నమైన మౌఖిక సాహిత్యాన్ని మోసిన కులాలే దళితుల్లోకెల్లా అట్టడుగున ఉన్నాయని ప్రభుత్వమే చట్టంలో రాసింది. అలాంటప్పుడు ఆ విద్యకు నిధి ఇవ్వకపోవడానికి కారణం ఏం చెబుతుంది?

విద్యార్థి సంఘాలు, జిల్లా కమిటీలు ఈ ఏడాదే చేయగలిగిన పని ఉంది. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖకు, ఆంధ్రప్రదేశ్ సృజనాత్మకత, సంస్కృతి సమితికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టండి. ఈ ప్రశ్నలు అడగండి.

1. గత అయిదేళ్లలో మీ శాఖ ఖర్చులో ఎస్సీ ప్రత్యేక నిధి కింద చూపింది ఎంత, ఏ పథకాల మీద?
2. ప్రదర్శనలకు పిలిచిన బృందాలేవి, ఒక్కో బృందానికి ఇచ్చిన పారితోషికం ఎంత? శాస్త్రీయ, జానపద విభాగాల రేట్లు విడివిడిగా ఇవ్వండి.
3. కళాకారుల పింఛను తీసుకుంటున్నవారిలో ఎస్సీలు ఎందరు, స్త్రీలు ఎందరు? తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, ఏ కారణంతో?
4. ఎంపిక కమిటీల్లో సభ్యులు ఎవరు? వారిలో సంప్రదాయ దళిత కళాకారులు ఎందరు?
5. సంగీత, నృత్య కళాశాలల్లో డప్పు, కిన్నెర, చిందు నేర్పే కోర్సులు ఉన్నాయా, నేర్పేది ఎవరు?

జవాబులు వస్తే వాటితో బడ్జెట్ సమావేశాల ముందు మాట్లాడదాం. రాకపోతే అప్పీలుకు పోదాం. మన డిమాండ్లు కూడా స్పష్టంగా ఉండాలి. డిగ్రీ లేకపోయినా విద్య ఉన్న కళాకారుడిని గురువుగా నియమించే నిబంధన రావాలి. సంస్థ రిజిస్ట్రేషన్ లేకుండా మేళానికి, కుటుంబానికి నేరుగా గ్రాంటు ఇవ్వాలి. కాగితాల పని చేసిపెట్టే బాధ్యత జిల్లా అధికారిదే కావాలి. జానపద, శాస్త్రీయ ప్రదర్శనలకు ఒకే రేటు ఇవ్వాలి. డప్పు కళాకారుల పింఛను తెలంగాణలోనూ రావాలి. అన్నిటికీ మించి, ఇవన్నీ ముఖ్యమంత్రి ప్రకటనలుగా కాకుండా బడ్జెట్ పుస్తకంలో పద్దులుగా రావాలి.

పింఛను తీసుకుందాం, అది మన చెమట. కానీ దాన్ని తీసుకుని ఇంటికి వచ్చేయకుండా పక్క కౌంటర్ దగ్గర కూడా వరుసలో నిలబడదాం. ఈ రాష్ట్రాల కళలో మన వాటా ఎంతో వాళ్లకు తెలుసు. బడ్జెట్‌లో ఎంతో ఇప్పుడు చెప్పమందాం.